తట్టని చెయ్యి

మా కోచ్ సార్ ఫోన్‌లో ఒక చైనా ఛాంపియన్ ఉండేది. 2010 దాటిన కొత్తలో శ్రీకాకుళంలో జూడో నేర్చుకునే మా ఆడపిల్లలందరికీ ఆవిడే దేవత. పల్లెలో బస్తాలు మోసిన భుజాలతో వచ్చి మేటి మేటి వాళ్లని వెల్లకిలా పడేసిందని సార్ చెప్పేవారు. ఆవిడ గెలిచిన ఆటలన్నీ మాకు కంఠతా వచ్చు. ఓడిన ఆట ఒక్కటే ఉండేది. అవతలి మనిషి ఆవిడ మోచేతిని తొడల మధ్య బిగించి వెనక్కి వాలే చోట సార్ వీడియో ఆపేసేవారు. "ఓడిపోవడం మీకెందుకే" అనేవారు. అదే మా కొంప ముంచింది.

మాది ఆమదాలవలస దగ్గర వరి పండించే ఇల్లు. సాధనలో నా జోడీ సముద్రపు ఒడ్డు పిల్ల. ఇద్దరిదీ ఒకటే బరువు. చెయ్యి మెలిపడి తట్టుకోలేకపోతే మ్యాట్ మీద అరచేత్తో కొట్టాలి. అది ఓటమి ఒప్పుకోవడం. అవతలివాళ్లు వెంటనే వదిలెయ్యాలి. ఆ పిల్ల ఒక్కనాడూ కొట్టలేదు. ఎలాగో గింజుకుని బయటపడేది.

ఎందుకే అని అడిగితే, "వల లాగినప్పుడు మద్దిలో తాడు ఒగ్గేసినోల్లకి మా ఊల్లో సేప ఇవ్వరు. ఎనకోల్లు పడిపోతారు గదా" అంది.

సార్ ఆ మొండితనాన్ని తెగ మెచ్చుకునేవారు. నాకు ఒళ్లు మండేది. భయం కూడా వేసేది.

రాష్ట్ర పోటీలకి మా బరువులో ఒక్కరే వెళ్లాలి. అందుకని సార్ మా ఇద్దరికీ ఆట పెట్టారు. పొద్దున్నుంచీ నాగావళి మీద మబ్బు పట్టి హాల్లో గాలి ఆడటం లేదు. దానికి జడ వేస్తూ చూశాను, కుడి మోచెయ్యి వాచి ఉంది.

"సార్‌కి సెప్పెయ్యే" అన్నాను.

"సెప్తే ఆడనివ్వరు. నువ్వూ సెప్పకు."

చెప్పలేదు. స్నేహం కోసమే అనుకున్నాను. కానీ ఆ చెయ్యే పట్టుకోవాలని జడ ముడి వేసేలోపే నిర్ణయించుకున్నాను.

పట్టుకున్నాను. వీడియోలోలాగే బిగించి వెనక్కి వాలాను. కొడుతుందని చూశాను. దాని ఎడమ చెయ్యి మ్యాట్ మీద ఖాళీగానే పడి ఉంది, కదల్లేదు. ఎప్పట్లాగే తప్పించుకుంటుందని సార్ చూస్తూ నిలబడ్డారు. నేను ఇంకొంచెం వాలాను. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. అది అరవలేదు. అరిచింది నేను.

రాష్ట్ర పోటీల్లో మొదటి ఆటలోనే ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. వెంటనే మ్యాట్ కొట్టేశాను. తర్వాతెప్పుడో ఆ చైనా ఆవిడ ఓడిన ఆట పూర్తిగా చూశాను. ఆవిడా కొట్టింది. లేచి, వంగి నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. మరుసటేడు వచ్చి గెలిచింది.

కొన్నేళ్లకి ఆమదాలవలస స్టేషన్‌లో నా జోడీ కనపడింది. చేపల తట్ట ఎడమ చేత్తో దించుకుంటోంది. కుడి చెయ్యి పూర్తిగా చాచడం లేదు. ఏడుస్తూ క్షమించమన్నాను.

దానికి కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"నానంటే తాడు లాగినోల్ల పిల్లని, ఒగ్గనేదు. నువ్వెందుకు ఒగ్గనేదే?"