పానా ముట్టని రోజు

మా పిన్ని నరసమ్మకి ఎడమ చెవి వినపడదు. పెళ్ళయిన కొత్తలో బాబాయి కొట్టిన ఒక దెబ్బకి ఆ చెవిలోంచి నెత్తురు కారిందట. ఆ తర్వాత ఆ పక్క నుంచి ఏ మాటా లోపలికి పోలేదు. బెంగాల్‌లో మేముండే టికియాపారాలో మా సందు మొత్తానికి ఈ సంగతి తెలుసు. ఆమెతో ఏదైనా చెప్పాలంటే కుడి పక్కకి వచ్చి చెబుతారు. వినకూడదనుకున్న మాటలకి పిన్ని తనే తల తిప్పి ఎడమ చెవి ఇస్తుంది.

బాబాయి ఢిల్లీశ్వరరావు భవానీపూర్‌లో ఒక బెంగాలీ లాయరు దగ్గర డ్రైవరు. పిల్లలు లేని ఆ లాయరు బాబు పోతూపోతూ తన పాత ల్యాండ్‌మాస్టర్ కారుని బాబాయికి రాసిపోయాడు. అంబాసిడర్లు రాకముందు తిరిగిన బండి అది. గుండ్రటి వీపు, పాలమీగడ రంగు. మా సందు చివర, కుళాయి పక్కన రేకుల షెడ్డు వేసి బాబాయి దాన్ని అందులో పెట్టాడు. మాకున్నది ఒక గది, దానికి మాత్రం ఒక ఇల్లు అని సందులో వాళ్ళు నవ్వేవారు.

బాబాయి మనిషిని ఎంత కొట్టమంటే అంత కొట్టేవాడు. బెల్టుతో, చెప్పుతో, అన్నం గిన్నెతో, చేతికి ఏది దొరికితే దానితో. కానీ బండి మీద గోరు కూడా పడనిచ్చేవాడు కాదు. పిన్ని ఈ సంగతి త్వరగానే కనిపెట్టింది. అతను తాగి వస్తున్న అడుగుల చప్పుడు తెలియగానే నన్ను జబ్బ పట్టుకుని షెడ్డులోకి లాక్కుపోయేది. ఇద్దరం వెనక సీట్లోకి దూరేవాళ్ళం. లోపలి పిడిని ముందుకి తోస్తే తలుపుకి తాళం పడుతుంది. పిన్ని ఒక పక్క, నేను ఒక పక్క తోసేవాళ్ళం. ముందు తలుపులు ఎప్పుడూ తాళం వేసే ఉండేవి, తాళంచెవి పిన్ని ముందే తీసి దాచేసేది. అతను బండి చుట్టూ తిరుగుతూ తిట్టేవాడు, బతిమాలేవాడు, మళ్ళీ తిట్టేవాడు. అద్దం మీద అరచెయ్యి ఆనించేవాడు తప్ప గుద్దేవాడు కాదు. తెల్లారేదాకా మేం అక్కడే పడుకునేవాళ్ళం. మా అమ్మ పోయాక నేను పిన్ని దగ్గర పెరిగాను. నా చిన్నతనపు నిద్ర సగం ఆ సీటు కిందే గడిచింది.

ఒక్కసారి మాత్రం అతను అద్దం పగలగొట్టాడు. స్టీరింగు వైపు తలుపు అద్దాన్ని వట్టి చేత్తో ఒక్క గుద్దు గుద్దాడు. అద్దం కలకండ పలుకుల్లా రాలింది. పిన్ని జుట్టు నిండా పలుకులే. అతని చేతికి గీత కూడా పడలేదు. పిన్నిని జుట్టు పట్టి బయటికి ఈడ్చి, మోచేతికీ మణికట్టుకీ మధ్య ఎముక విరిగేదాకా కొట్టి, ఆ తర్వాత నేల మీద కూర్చుని అద్దం పలుకులు ఏరుతూ ఏడ్చాడు.

"ఇలాటి అద్దం మరి దొరకదే," అని ఏడ్చాడు. పిన్ని చెయ్యి వేలాడుతూ ఉంది.

ఆ అద్దం నిజంగానే దొరకలేదు. పాత బండ్ల సామాన్లు అమ్మే మల్లిక్ బజారంతా తిరిగి, చివరికి కిటికీ అద్దాలు కోసేవాడి దగ్గర మామూలు అద్దం కోయించి బిగించాడు. పిన్ని చెయ్యి కట్టులో ఉన్నన్నాళ్ళూ వంట నేనే చేశాను. ఎనిమిదో తరగతి అక్కడితో ఆగిపోయింది. మళ్ళీ ఎవరూ బడి మాట ఎత్తలేదు.

కాలేయం పాడై బాబాయి పోయాడు. బండి పిన్నికి వచ్చింది. బండితో పాటు మరిది గవరయ్య కూడా వచ్చాడు.

గవరయ్య సంత్రాగాఛి రైల్వే యార్డులో ఫిట్టరు. నడుముకి ఎప్పుడూ ఒక పెద్ద పానా దోపుకుని తిరిగేవాడు. అన్న బెల్టు తీసినట్టు ఇతను పానా తీసేవాడు.

"మా అన్న బండి. మా ఇంటి బండి. ఆడదానికి బండెందుకే?" అని సాయంత్రం అయ్యేసరికి షెడ్డులో దిగేవాడు. బండికి ఆనుకుని తాగేవాడు. ఇంజను తాళంచెవి బండిలోనే ఉండేది, తలుపులది మాత్రం పిన్ని మెడలో నల్లతాడుకి ఉండేది. దాన్నిమ్మని, కాగితాల మీద సంతకం పెట్టమని అడిగేవాడు. పిన్ని ఎడమ చెవి ఇచ్చేది. ఆషాఢంలో ఒకనాడు ఆమె తల పట్టుకుని కుళాయి గొట్టానికి కొట్టాడు. ముందు పళ్ళు రెండు నీళ్ళ బిందెలో పడ్డాయి. సందులో ఆడవాళ్ళు బిందెలు వదిలి లోపలికి పోయి తలుపులు వేసుకున్నారు.

ఆ రాత్రి పిన్ని నోటికి గుడ్డ అదుముకుని నాతో అంది. "బండున్నన్నాళ్ళూ ఈడొస్తాడే జోతీ. బండెల్లిపోతే ఈడికి ఈ గుమ్మంలో పనేటి?"

"మరి మనం ఎక్కడ దాక్కుంటాం పిన్నీ?" అన్నాను.

పిన్ని తల అటు తిప్పేసుకుంది.

బండి ఫొటో తీసి ఫోన్లో పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్ళ గుంపులో పెట్టింది నేనే. సాల్ట్ లేక్ ఆఫీసులో పనిచేసే అనంతకృష్ణ అనే తెలుగాయన ఆ రోజే ఫోన్ చేశాడు. తనూ తన స్నేహితుడు అభిజిత్ కలిసి కొంటామన్నాడు. ముక్కలు చేసి అమ్మేవాళ్ళం కాదు, నడుపుకుంటామన్నాడు. ఎప్పుడు రమ్మంటారని అడిగాడు. పిన్ని ఫోను కుడి చెవికి మార్చుకుని, "విశ్వకర్మ పూజనాడు రండి బాబూ. ఆ రోజు తప్ప మరే రోజూ ఒద్దు," అంది.

ఎందుకో నాకు తెలుసు. విశ్వకర్మ పూజనాడు పనిముట్లన్నీ దేవుడి ముందు పెడతారు. ఆ రోజు ఎవరూ ఇనుము పట్టరు. తక్కినవాళ్ళు పట్టినా గవరయ్య పట్టడు. కిందటేడు పూజలో, యార్డులో లేతు మిషను నడిపే ఒక తాగుబోతు టర్నరు అందరి ముందూ అతని చెంప మీద కొట్టాడు. గవరయ్య చేతులు వెనక్కి కట్టుకుని, "రేపు సూస్తాను," అన్నాడు. మర్నాడు పొద్దున్నే యార్డు గేటు దగ్గర కాపు కాసి పానాతో వాడి మోకాలి చిప్ప పగలగొట్టాడు. ఆ టర్నరు ఇప్పటికీ కుంటుతాడు. గవరయ్య మాట తప్పడనీ, దేవుడి దగ్గర అసలే తప్పడనీ అందరూ భయంగా చెప్పుకున్నారు.

పూజనాడు తెల్లవారి వాన వెలిసింది. ఇక్కడ ఈ పూజకి అలవాటైనట్టే మేడల మీద పిల్లలంతా గాలిపటాలు ఎగరేస్తున్నారు. గవరయ్య పొద్దున్నే కొత్త చొక్కా వేసుకుని సంత్రాగాఛి వెళ్ళిపోయాడు. కొంతసేపటికి కొనేవాళ్ళు వచ్చారు. అభిజిత్ బాబు మంచి చొక్కాతోనే తడినేల మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరాడు. లేచి సీటు వాసన చూశాడు. బంపరు నిమిరాడు.

"పెళ్ళికూతుర్ని సూడ్డానికొచ్చినాడేటి ఈ బాబు?" అంది పిన్ని నా చెవిలో. పళ్ళు పోయిన తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

అభిజిత్ బాబు వెనక తలుపుల పిడులు పట్టి చూశాడు. "బౌదీ, ముందు పిడులు కొత్తవాటిలా ఉన్నాయి. వెనకవే ఇంత అరిగాయేం? పిల్లలు ఆడుకునేవారా?" అని పిన్నిని వదిన వరస పెట్టి పిలిచి బెంగాలీలో అడిగాడు.

పిన్ని నా వంక చూసింది. "అవును, పిల్లలే," అంది.

అనంతకృష్ణ స్టీరింగు వైపు అద్దం మీద వేలితో తట్టాడు. "ఈ ఒక్కటీ అసలుది కాదండీ. కిటికీలకు వేసే అద్దం. అసలుదైతే పగిలినా పలుకులై రాలిపోతుంది. ఇది కత్తుల్లా విరుగుతుంది. ముందు దీన్ని మార్పించాలి."

"మారిపించుకోండి బాబూ. ముందు బేగి తీసుకెల్లండి," అంది పిన్ని.

సంతకాలు అయ్యాయి. బండి కదలలేదు. బ్యాటరీ దగ్గర తీగ వదులైందని అనంతకృష్ణ తన సంచిలోంచి పానా తీశాడు. పిన్ని ఒక్క ఉదుటున వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఒద్దు. ఇయ్యాల పానా ముట్టకూడదు."

"ఒక్క మర బిగిస్తే చాలమ్మా. నిమిషంలో వెళ్ళిపోతాం."

"ముట్టని రోజనే ఆడు ముట్టడు బాబూ. మనం ముట్టీస్తే ఆడికి మాత్రం అడ్డేటి?"

ఆయనకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది, భయమూ వేసింది. తోసి స్టార్టు చేద్దామన్నాడు అభిజిత్. గాలిపటాలు వదిలి కిందికి దిగడానికి ఒక్క పిల్లాడూ ఒప్పుకోలేదు. స్టీరింగు వైపు తలుపు తెరిచి, బయటి నుంచే తిప్పుకుంటూ మేం నలుగురం తోశాం. బండి షెడ్డు దాటి బురదలో దిగబడింది. అంతలో సందు మొదట్లో కొత్త చొక్కా కనిపించింది. ఎవరో ఫోను చేసి ఉంటారు.

గవరయ్య నుదుట సిందూరం, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతుల్లో ఏమీ లేదు. నేను మొట్టమొదట చూసింది ఆ చేతులనే.

"ఏటే వొదినా, దేవుడి రోజు సూసి దొంగతనమా?"

"ఆగండి, మేం కొనుక్కున్నాం," అని అనంతకృష్ణ అడ్డం వెళ్ళాడు. గవరయ్య చాచి కొట్టాడు. ఆయన కళ్ళజోడు మురిక్కాలవలో పడింది. అభిజిత్ బాబు, "దాదా, దాదా" అంటూ, అన్నా అని బతిమాలుతూ, చేతులు జోడించాడు. పొట్టలో తన్ను తిని కుళాయి దగ్గర కూలబడ్డాడు. నేను మధ్యలోకి వెళితే నా జడ చేతికి చుట్టుకుని గోడకేసి విసిరాడు. కణత దగ్గర వెచ్చగా కారింది.

పిన్ని ఎప్పుడూ చేసినట్టే చేసింది. బండిలోకి దూరింది. ఈసారి వెనక సీటు కాదు, తెరిచి ఉన్న స్టీరింగు వైపు తలుపులోంచి. నాలుగు పిడులూ తోసేసింది.

గవరయ్య బండి తలుపుని తన్నాడు. తన్నిన ప్రతిసారీ సొట్ట పడింది. బాబాయి బతికి ఉంటే ఆ సొట్టలకి ఇతన్ని చంపేసేవాడు. కుళాయి పక్కన ఇటుకలున్నాయి. ఒక మేడ మీంచి ఎవరో హిందీలో అరిచారు, ఇటుక తీసుకొమ్మని.

గవరయ్య మేడ వంక చూసి ఉమ్మాడు. "ఇటికెందుకురా? మా అన్న ఈ అద్దాన్ని వొట్టి సేత్తో పగలగొట్టినాడు. నాను ఆడి తమ్ముణ్ణి కానేటి?"

మొదటి గుద్దుకి అద్దం బీట వారింది. రెండో గుద్దుకి చెయ్యి మోచేతిదాకా లోపలికి పోయింది. పలుకులు రాలలేదు. చుట్టూ పొడుగాటి మొనలు నిలిచాయి. అతను అది చూడలేదు. లోపల పిన్ని మెడలోని నల్లతాడు పట్టుకుని లాగాడు. పిన్ని ఊపిరాడక రెండు కాళ్ళూ తలుపుకి తన్నిపెట్టి, ఒంటి బరువంతా వేసి వెనక్కి పడింది. తాడు అతని వేళ్ళకి చుట్టుకునే ఉంది. తాడుతో పాటు అతని చెయ్యి మొనల వెంట లోపలికి జారింది.

అటువంటి కేక నేను మళ్ళీ వినలేదు. చెయ్యి బయటికి వచ్చేసరికి మణికట్టు నుంచి మోచేతిదాకా తెరుచుకుని ఉంది. నెత్తురు అతని కొత్త చొక్కా మీద, బండి మీద, బురదలో చిమ్మింది. అతను దాన్ని వింతగా చూస్తూ కూర్చుండిపోయాడు.

పిన్ని తలుపు తెరిచింది. ఆమె మెడ చుట్టూ ఎర్రటి గీత. చీర కొంగు చింపి అతని చేతికి మోచేతి పైన బిగించి కట్టింది. పైకి చూసి మొత్తం సందు వినేలా అరిచింది. "దిగండర్రా! బండి తొయ్యండి! మనిసి సచ్చిపోతన్నాడు!"

అప్పుడు దిగారు. గాలిపటాలు తెగిపోతే పోయాయి. పిల్లలూ పెద్దలూ కలిసి తోస్తే బండి దగ్గి, ఊగి, స్టార్టయింది. అభిజిత్ నడిపాడు. వెనక సీట్లో పిన్ని, గవరయ్య, కాళ్ళ దగ్గర నేను. సీటంతా తడిసింది. అభిజిత్ ఒకసారి వెనక్కి తిరిగి చూసి, "అయ్యో, అసలు సీటు," అన్నాడు. కళ్ళజోడు లేని అనంతకృష్ణ, "రోడ్డు చూడవయ్యా బాబూ!" అని అరిచాడు.

గవరయ్య పెదాలు తెల్లబడ్డాయి. "రేపు సూస్తాను నీ పని," అన్నాడు పిన్నితో.

"అలాగేలే. ముందు సెయ్యి ఎత్తి పట్టుకో," అంది పిన్ని.

ఆసుపత్రి వాకిట్లో అతన్ని లోపలికి తీసుకెళ్ళాక పిన్ని తాడు మెడలోంచి తీసి తాళంచెవి అనంతకృష్ణ చేతిలో పెట్టింది.

"ఇవాళ వద్దమ్మా. అన్నీ కుదుటపడ్డాక వచ్చి తీసుకెళతాం," అన్నాడాయన.

"ఈ బండి మరి మా సందులోకి రాకూడదు బాబూ. ఇట్నించిటే ఎల్లిపోండి."

వెళ్ళిపోయారు. పిన్ని వెనక్కి తిరిగి చూడలేదు. నేను చూశాను. వంతెన వైపు మలుపు తిరిగేదాకా పగిలిన అద్దంలోంచి అభిజిత్ భుజం కనపడుతూనే ఉంది.

కుట్లు విప్పిన నాడే గవరయ్య వచ్చాడు. ఈసారి పానా కాదు, యార్డులోంచి తెచ్చిన పొడుగాటి ఇనుపరాడ్డు. అతని అడుగుల చప్పుడు వినగానే నా కాళ్ళు వాటంతట అవే షెడ్డులోకి పరిగెత్తాయి. అక్కడ నూనె మరక తప్ప ఏమీ లేదు. వెనక్కి తిరిగి చూస్తే పిన్ని గుమ్మంలో నించుని ఉంది. దాక్కోవడానికి ఎటూ వెళ్ళలేదు.

అతను అద్దానికి కోసుకుపోయిన కుడి చేతిలోకి రాడ్డు మార్చుకుని ఎత్తాడు. వేళ్ళు ముడుచుకోలేదు. రాడ్డు జారి రాళ్ళ మీద ఠంగుమంది. ఎడమ చేత్తో తీసుకోబోయేసరికి పిన్ని దాని మీద కాలు పెట్టింది. వంగి తీసింది. రెండు చేతులా పట్టుకుని అతని మోకాలి మీద ఒక్క దెబ్బ కొట్టింది. కిందటేడు టర్నరుకి తగిలిన చోటే. ఎముక చప్పుడు నాకు వినపడింది. ఆమె మళ్ళీ ఎత్తింది. అతను ఎడమ చెయ్యి తలకి అడ్డం పెట్టుకుని పాకుతూ వెనక్కి పోయాడు. పిన్ని ఆగింది. ఎందుకాగిందో నేను అడగలేదు.

ఆ రాడ్డు ఇప్పుడు మా తలుపుకి అడ్డగడియ. రాత్రి అయ్యేసరికి పిన్నే దాన్ని వేస్తుంది. గవరయ్య కుంటుకుంటూ సందు చివరిదాకా వస్తాడు. అంతకంటే దగ్గరికి రాడు.

"ఒసే వొదినా, ఆ రాడ్డు రైల్వే వోళ్ళదే! ఇచ్చీయే, నా ఉద్యోగం పోతాది!" అని అక్కణ్ణించే అరుస్తాడు.

పిన్ని పొయ్యి దగ్గర కూర్చుని ఎడమ చెవి అటు తిప్పుతుంది.