లేడత్త చెప్పించిన ప్రార్థన

ఆమెకు లేడత్త అని పేరు పెట్టింది అన్న పిల్లలు. "దేవుడున్నాడా అత్తా?" అని అడిగితే, పుస్తకం అట్టకు జిగురు రాస్తూ తల ఎత్తకుండానే "లేడు" అనేది. పిల్లలు పెద్దవాళ్లయి ఎవరి దారిన వాళ్లు వెళ్లారు గానీ, పేరు వీధిలో పాతుకుపోయింది. బైండింగ్ షాపుకు వచ్చినవాళ్లు "లేడత్త ఉందా?" అని అడిగి, అడిగాక తమలో తామే నవ్వుకునేవారు.

అన్న పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఆమె, వదిన. పక్కపక్క గదులు, మధ్యన పల్చటి చెక్క గోడ. తెల్లవారగానే వదిన పైకే ప్రార్థన చేసుకునేది. ఇవతల లేడత్త తల దువ్వుకుని పనికి తయారయ్యేది.

ఆదివారాలు లేడత్త షాపు పైగదిలో జరిగే నాస్తికుల సభకు వెళ్లేది. రిటైరైన లెక్కల మాస్టారు సభకు పెద్ద. ఎవరి కుర్చీ వారిదే. మాస్టారు కాసేపు ఏదో చదివేవారు, తర్వాత అందరూ వాదించుకునేవారు, చివర్లో టీ.

"నా ప్రార్థన పావుగంటలో అయిపోతుంది. మీది పూటంతా పడుతుంది," అనేది వదిన. "మీదీ ఓ మతమే, పిల్లా."

"దేవుడు లేడనుకోవడం మతమెలా అవుతుంది వదినా? మతమన్నాక నరకం ఉండాలి. మా దగ్గర టీ తప్ప ఏమీ లేదు."

"ఆ టీ గురించి నువ్వు చెప్పేది వింటే, నరకమూ ఉన్నట్టే."

ఏళ్ల తరబడి ఇదే వాదన. ఎవరూ నెగ్గలేదు, ఎవరూ మానలేదు.

ఒక చలికాలం వదినకు పక్షవాతం వచ్చింది. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చేసరికి చెయ్యి కుదుటపడింది గానీ మాటలు చెదిరిపోయాయి. చెంచాను తాళం అనేది. కన్నకూతురి పేరు కోసం వెతుక్కునేది. ఇంటికి వచ్చిన మర్నాడు తన చోట కూర్చుని ప్రార్థన మొదలుపెట్టింది. మొదటి వాక్యం వచ్చింది. రెండోది రాలేదు. మళ్లీ మొదటి నుంచి అంది. మళ్లీ అక్కడే ఆగిపోయింది. కాసేపటికి గోడ అవతల వెక్కిళ్లు వినిపించాయి.

చేతిలో దువ్వెన అలాగే ఉండగా, లేడత్త నోట రెండో వాక్యం వచ్చేసింది. అవతల వెక్కిళ్లు ఆగాయి. తర్వాత వదిన గొంతు మెల్లగా ఆ వాక్యాన్ని అందుకుంది. అలా ఒక్కొక్కటే అందించింది. ఆ మాటలన్నీ తనకు వచ్చని లేడత్తకే తెలియదు. చివర్లో, వదిన రోజూ సొంతంగా చేర్చుకునే మాట మిగిలింది. "మా పిల్ల నువ్వు లేవంటుంది. పట్టించుకోకు. దానికి ఏ లోటూ రానీకు." దువ్వెన పక్కన పెట్టి, అదీ చెప్పింది.

మర్నాటి నుంచి వదిన పక్కనే కూర్చుని చెప్పించసాగింది.

ఒక వాన ఉదయం వదిన సగంలో ఆగి ఆమె మొహంలోకి చూసింది. "పిల్లా, ఉన్నాడా ఆయన?"

ఎన్నోసార్లు చెప్పిన జవాబే. ఆ పూట నోరు రాలేదు. అలాగని అబద్ధమూ ఆడలేదు.

"నేనెప్పుడూ చూడలేదు వదినా. నువ్వు మాట్లాడటం మాత్రం రోజూ విన్నాను. అంత ప్రేమగా నువ్వు ఇంకెవరితోనూ మాట్లాడలేదు."

"మీ అన్నయ్యతో?"

"అన్నయ్యతో రోజూ పోట్లాటేగా."

వదిన చాలాసేపు నవ్వింది.

సభలో ఒక ఎలక్ట్రీషియన్ ఉండేవాడు. వీధిలో వెళ్తూ కిటికీలోంచి ఈ గొంతులు విన్నాడు. ఆ ఆదివారం మాస్టారు ఇబ్బందిగా కదిలారు. "అమ్మా, మీరు రోజూ ప్రార్థన చేస్తున్నారట. మనవాళ్లు సంజాయిషీ అడగమంటున్నారు."

"చెప్పిస్తున్నానండీ. చెయ్యడం లేదు."

"నోటితో అంటే చేసినట్టే," అన్నాడు ఎలక్ట్రీషియన్. "తప్పయిందని ఒక్క మాట అనండి, చాలు."

లేడత్త అతన్ని కాక మాస్టారిని చూసింది. "మాస్టారూ, మనది మతం కాదని మా వదినతో ఇన్నేళ్లు వాదించాను. ఇవాళ నన్ను నిలబెట్టి తప్పు ఒప్పుకోమంటున్నారు. ఇంటికెళ్లి ఆవిడకేం చెప్పను? నమ్ముతున్నావా అని అడగండి, లేదంటాను. అది చాలదంటే ఆవిడే నెగ్గినట్టు."

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మీ వదినగారికి ఇప్పుడెలా ఉందమ్మా?" అని అడిగారు. ఆ తర్వాత ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు. ఎలక్ట్రీషియన్ కొన్ని వారాలు మొహం చాటేసి, ఒకనాడు వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.

అటు వదిన పుట్టింటివాళ్లు ఇంకో పక్క సంబరపడ్డారు. "చివరికి నీకూ నమ్మకం కుదిరిందన్నమాట."

"కుదరలేదండీ," అనేది లేడత్త, వాళ్ల పళ్లాల్లో మరికాస్త వడ్డిస్తూ.

వదిన ఇంకో రెండేళ్లు బతికి, నిద్రలోనే వెళ్లిపోయింది. అంత్యక్రియల నాడు బంధువులంతా లేడత్తనే ఆ ప్రార్థన చెప్పమన్నారు. ఆమె తల అడ్డంగా ఊపింది. "ఆవిడ వింటుందని చెప్పాను. ఇప్పుడు వినేవాళ్లెవరూ లేరు." కొందరు నొచ్చుకున్నారు.

జనం వెళ్లిపోయాక మేనకోడలు పక్కన చేరింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి. "అత్తా, అమ్మ మాటలు నాకు నేర్పవా?"

లేడత్త ఆ పిల్ల చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. వదిన ఎక్కడ ఊపిరి తీసుకునేదో, ఏ మాట దగ్గర గొంతు తగ్గించేదో చూపిస్తూ, ఒక్కొక్క వాక్యమే చెప్పించింది. పూర్తయ్యేసరికి పొద్దు వాలింది. ఇద్దరికీ అప్పుడు ఆకలి గుర్తొచ్చి, వంటగదిలోకి వెళ్లారు.