బొంత మీద అమ్మ పేరు

“చలేస్తందే, బొంత కప్పు,” అంది అమ్మ. “కప్పానమ్మా,” అన్నాను. మా ఇద్దరి మధ్యా అవే ఆఖరి మాటలు.

ఇవాళ నా మనవరాలు సునీత ట్రంకుపెట్టెలోంచి ఆ బొంత తీసింది. మిరప కల్లంలో కప్పుకున్నప్పుడు పట్టిన ఘాటు ఇంకా పోలేదు, తుమ్ములొచ్చాయి. నేను చెప్తుంటే ఇది రాస్తంది.

నాకప్పుడు ఏడేళ్లుంటాయి. పాత చీరలతో బొంత కుట్టడం అయ్యాక, పాస్టరమ్మగారు దాని మూల సుద్దతో అమ్మ పేరు, కింద తేదీ రాసిచ్చారు. అమ్మకి చదువు రాదు. ఆ గీతల మీదే ఎర్రదారంతో కుట్టుకుంది.

పేరు కింద తేదీ ఉండటం నేను చర్చి వెనక సమాధుల మీదే చూశాను. అమ్మ పోయేరోజు ముందే రాయించుకుందనుకున్నా. ఆమె మిరప కోతకి వెళ్లగానే తుమ్మముల్లుతో కుట్లన్నీ పీకేశాను.

సాయంత్రం అమ్మ చూసింది. “నా పేరు నిన్నేం చేసిందే?”

“తీసేశాలే. ఇంక నువ్వు చచ్చిపోవు.”

“ఓసి పిచ్చిమొహమా!” అని పడీపడీ నవ్వింది.

మళ్లీ రాయించుకుందామంటే పాస్టరమ్మగారు వేరే ఊరెళ్లిపోయారు. అమ్మ తన చేత్తో తన పేరు కుట్టుకుంది ఆ ఒక్కసారే.

ఆమె పేరు మార్తమ్మ. రాశావా సునీతా? ఏదీ, చదివి వినిపించు.