ఫోన్లు రాసిన పరీక్ష

గనిలోకి దిగేవాళ్లు ఫోను వెంట తీసుకెళ్లకూడదు. పొద్దున షిఫ్టుకు ముందు ల్యాంపు గదిలో నా బల్ల మీద పెట్టి, టోపీకి లైటు తగిలించుకుని పోతారు. అలా ముప్పైకి పైగా ఫోన్లు ఎనిమిది గంటలపాటు నా దగ్గరే ఉండేవి. నా తప్పు అక్కడే మొదలైంది.

అంతకుముందు భద్రతా పాఠాలు షెడ్డులో చెప్పేవారు. వయసు మళ్లిన ఫోర్‌మన్ ఒకాయన ఒక్కొక్కడి ముక్కుకీ క్లిప్పు పెట్టించి, నోట ఊపిరి డబ్బా గొట్టం కరిపించి, షెడ్డు చుట్టూ నడిపించేవాడు. ఆయన రిటైరయ్యాక పాఠాలన్నీ ఆన్‌లైన్‌కి మారాయి. ఎవరి ఫోన్లో వాళ్లు నలభై నిమిషాల వీడియో చూసి, పది ప్రశ్నలకు జవాబు పెట్టాలి. అందరిచేతా అది చేయించాల్సిన గుమాస్తాని నేను.

పైకొచ్చేసరికి వాళ్లకు ఒళ్లు హూనమయ్యేది. ఇంటికెళ్తే మళ్లీ మిరపచేనో పత్తిచేనో ఉండేది. "మా పరీక్ష కూడా నువ్వే రాసెయ్ రా, చదువుకున్నోడివి" అని లాకు నంబర్లు కూడా చెప్పేశారు. నాకూ అదే సులువనిపించింది. వాళ్లు కింద ఉండగా అన్ని ఫోన్లలో ఒకేసారి వీడియో పెట్టి, సౌండు తీసేసి, టీకి వెళ్లేవాణ్ని. అనుమానం రాకుండా ఒక్కొక్కరికి ఒక్కో జవాబు తప్పు పెట్టేవాణ్ని.

మా ఊరివాడే ఒకడు కొత్తగా చేరాడు. బావా అని పిలుచుకునేవాళ్లం. దర్శి రోడ్డు మీదుగా నా బండి మీదే వచ్చేవాడు. "ఏరా బావా, నాకెప్పుడూ తొమ్మిదేనా? బళ్లో ఎటూ ఫస్టు రాలా, ఇక్కడన్నా తెప్పించు" అన్నాడొకసారి. నవ్వుకుని అతనికి పదికి పది వేశాను.

ఆ పాఠం నడుముకు కట్టుకునే డబ్బా గురించి. పొగ కమ్ముకుంటే దాని గొట్టం కరుచుకుని ఊపిరి పీల్చాలి. విషవాయువు ఎక్కువయ్యేకొద్దీ లోపలికొచ్చే గాలి వేడెక్కి నోరు మండుతుంది. అది పనిచేస్తోందనడానికి గుర్తు ఆ వేడే. ఏమైనా సరే తీయకూడదు.

రెండు నెలలకు కింద లోడరు బండికి నిప్పంటుకుంది. నలుగురు పొగలో నడిచి వస్తున్నారు. ముగ్గురు ఆ ఫోర్‌మన్ దగ్గర నేర్చుకున్నవాళ్లు. నోరు మండగానే బావ డబ్బా పాడైందనుకుని తీసేశాడు. పక్కవాడు వద్దని చేతులూపాడు. నోట్లో గొట్టం ఉన్నవాడు ఏం అరుస్తాడు? పైకి మోసుకొచ్చేసరికి ప్రాణం లేదు.

విచారణకొచ్చిన ఆఫీసరు అడిగారు, ఇతనికి శిక్షణ ఇచ్చారా అని. "ఇచ్చాం సార్, పదికి పది వచ్చాయి" అని సర్టిఫికెట్ చూపించాను. శిక్షణ ఉండి కూడా సొంత అజాగ్రత్త వల్ల చనిపోయాడని రాశారు. ఊళ్లోనూ అదే మాట పాకింది, వాడే చేతులారా తీసేసుకున్నాడట అని.

కర్మ అయ్యాక వెళ్తే, బావ భార్య కల్లంలో కూర్చుని తాలు మిరపకాయలు ఏరుతోంది.

"అన్నయ్యా, ఆయన సంతకానికే తంటాలు పడేవోడు. పదికి పది ఎట్టా వచ్చినయ్?"

"నేనే రాశానమ్మా."

ఆమె ఏరడం ఆపలేదు. "అది వేడెక్కుద్దని నీకు తెలుసా?"

"తెలుసు."

"ఆయనకి చెప్పలా?"

"లేదు."

"రోజూ ఒకే బండి మీద పోయేవోళ్లు గదా. దారి పొడుగునా ఏం మాట్లాడుకునేవోళ్లు?"

మిరప రేట్లు మాట్లాడుకునేవాళ్లం.

"నాకు చెప్పిందే ఆ ఆఫీసరుకీ చెప్పు. నా పిల్లల్ని తెలివితక్కువోడి పిల్లలని అనగూడదు" అంది. సరేనన్నాను.

చెప్పలేదు. ఉద్యోగం పోతుందని, కేసవుతుందని భయపడ్డాను. ఇప్పుడు షిఫ్టు అయ్యాక ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టి పాఠం చూపిస్తున్నాను. విసుక్కుంటారు, తిడతారు. నా ధైర్యం అంతవరకే. రిపోర్టులో బావ అజాగ్రత్త అలాగే ఉంది. దాని కింద సాక్షిగా నా సంతకం ఉంది.