నివాళి క్యాసెట్టు

పాప పడుకుంది. నేను పక్కనే కూచుని రాస్తున్నాను. ఇందాక తలుపు గడియ గట్టిగా చప్పుడైంది. "మెల్లగా, పాప లేస్తుంది" అని ఎవరూ నన్ను కోప్పడలేదు. చంటిపిల్ల ఉన్న ఇల్లు ఇలా ఉండకూడదు.

అనుమానం నాకు ఉగాదికి ముందే వచ్చింది. పేరు పెట్టి పిలిస్తే పాప తిరిగేది కాదు. వీపు వెనక గిలక్కాయ ఆడించినా చేతిలో చెంచా వదిలేది కాదు. ఒకరోజు కావాలనే స్టీలు పళ్ళెం గచ్చు మీద పడేశాను. వంటింట్లోంచి మా అత్తగారు ఉలిక్కిపడి వచ్చారు. పాప చెంచా చీకుతూనే ఉంది.

"మా ఇంట్లో అందరం నిదానమే. నాకు మూడేళ్ళకు గానీ మాటలు రాలేదంట" అని మా ఆయన పేపరు తిప్పారు.

"చదువుకున్నోళ్ళకి అన్నీ అనుమానాలే. నా మనవరాలు రాణి మాదిరి. పిలవంగానే పలుకుతాదా ఏంది?" అన్నారు అత్తగారు.

ఆ వేసవిలో మా తమ్ముడు మద్రాసు హాస్టలు నుంచి ఆత్మకూరులో మా అమ్మావాళ్ళింటికి వచ్చి, అక్కడి నుంచి నన్ను చూడడానికి ఉదయగిరి బస్సెక్కాడు. సంచిలో మామిడిపళ్ళు, ఒక క్యాసెట్టు. వాడు వినేవాటిని పాటలనడం కూడా తప్పే. ఇనుప రేకుల మీద దెబ్బలు, మోటార్లు, రంపాలు, టీవీలో బొమ్మ పోయినప్పుడు వచ్చే బుస. అలాంటి మోతనే సంగీతంగా కట్టిన విదేశీ బృందం ఒకటుందట. వాళ్ళను గురువులుగా తలచేవాళ్ళు కొందరు చేరి, ఆ మోతలనే ఒక్కొక్కరు ఒక్కో తీరున మళ్ళీ కట్టారట. అదీ క్యాసెట్టు.

"ట్రిబ్యూట్ ఆల్బం అంటారు అక్కా. దెబ్బ అదే, చెయ్యి వేరే" అన్నాడు.

"ట్రిబ్యూటంటే ఏంది?" అన్నారు వడ్లు చెరుగుతున్న అత్తగారు.

కావలిలో డిగ్రీ చదివిన గర్వం కాబోలు, ఠక్కున "నివాళి అత్తా" అన్నాను.

చేట ఆగిపోయింది. నివాళి అనే మాట ఆమెకు బస్టాండు గోడల మీద, దండ వేసిన ఫోటోల కింద ఉండే మాట.

"ఎవురురా పోయింది?"

"ఎవురూ పోలేదత్తా. అందరూ బతికే ఉండారు."

"బతికున్నోళ్ళకి నివాళేందిరా? తెలిస్తే చెప్పు తీసుకోని రారూ?"

తమ్ముడు పడీపడీ నవ్వాడు. ఆమె నవ్వలేదు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో చావు క్యాసెట్టు మోగడానికి వీల్లేదని తేల్చేశారు. వాడు వెళ్తూ దాన్ని నా దిండు కింద పెట్టిపోయాడు.

ఒక మధ్యాహ్నం ఆమె పొరుగింటికి వెళ్ళినప్పుడు దాన్ని బయటికి తీశాను. పళ్ళేనికి తిరగని పిల్ల ఇంత మోతకైనా తిరుగుతుందేమోనని. మా టేపురికార్డరు భోషాణం మీద ఉంటుంది. ఒకప్పుడు ధాన్యం పోసుకున్న పెద్ద చెక్కపెట్టె, ఇప్పుడు ఖాళీ. పాపను కూడా దాని మీదే కూచోబెట్టి, నడుం పట్టుకుని, సౌండు చివరిదాకా తిప్పాను.

మొదటి దెబ్బకే పాప చెంచా వదిలేసింది. కళ్ళు పెద్దవి చేసింది. రెండు అరచేతులూ చెక్కకు ఆనించి, దెబ్బదెబ్బకూ ఊగుతూ నవ్వింది. నాకు ఏడుపు ఆగలేదు.

అత్తగారు పరుగున వచ్చారు, వెనకే పొరుగింటావిడ.

"ఏంది వదినా, ఇంట్లోనే బోరు వేస్తా ఉండారా? నీళ్ళు పడినాయా?"

అత్తగారు ఆ మాట వినిపించుకోలేదు. పాపనే చూస్తున్నారు. "చూసినావా! ఇనపడతా ఉండాది! నేను చెప్పలా?" అని అందరి నోట్లో చక్కెర పోశారు. ఆ రోజు నుంచి ఇంటికెవరొచ్చినా, "ఆ చావు క్యాసెట్టు పెట్టమ్మే, పిల్ల ఊగేది చూస్తారు" అనేవారు.

ఆ క్యాసెట్టులో ఒకచోట, అవే ఇనుప దెబ్బల వరసను ఒక ఆడమనిషి ఉత్త గొంతుతో, మెల్లగా కూనిరాగంలా తీస్తుంది. అది వచ్చినప్పుడల్లా పాప ఆగిపోయి, ఏదో పోగొట్టుకున్నట్టు చెక్కను తట్టి చూసేది. నచ్చలేదేమో అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను. ఒకరోజు పెద్ద మోత నడుస్తుండగా పాపను భోషాణం మీంచి ఎత్తాను. నవ్వు ఆగిపోయింది. నా గొలుసు నోట్లో పెట్టుకుంది. దించితే నవ్వింది. ఎత్తితే లేదు. మళ్ళీ దించాను.

వినడం కాదది. చెక్క అదురు.

ఆ తర్వాత చక్కెర డబ్బా కనిపిస్తే పై అరలో వెనక్కి నెట్టేసేదాన్ని. ఎలా చెప్పను? చెబితే నిజమైపోతుంది. చెప్పకపోతే రోజులు పోతున్నాయి.

మొన్న ఆదివారం, మా ఆయన ఇంట్లో ఉన్నప్పుడు, మోత మధ్యలో పాపను ఎత్తి అత్తగారి చేతుల్లో పెట్టాను. వెనక నుంచి పేరు పెట్టి పిలిచాను. అరిచాను. పాప అత్తగారి ముక్కుపుడకతో ఆడుకుంటోంది. మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. క్యాసెట్టు మోగుతూనే ఉంది, ఆపాలని ఎవరికీ తోచలేదు.

అత్తగారు నన్ను తిడతారనుకున్నాను. ఆమె ముక్కుపుడక నుంచి పాప వేళ్ళు విడిపించారు. తర్వాత పాపను మళ్ళీ భోషాణం మీద కూచోబెట్టి, రెండు చేతులూ చెక్క మీద తనే ఆనించారు.

"ఈడైతే తెలస్తా ఉండాదిగదా. ఈడే కూచోబెడదాం" అన్నారు. పాప జుట్టు సవరిస్తూ, "నెల్లూరు ఎప్పుడు పోదాం?" అన్నారు.

ఎల్లుండి తొలి బస్సుకు వెళ్తున్నాం. డాక్టరు ఏం చెబుతాడో నాకు తెలుసు. తెలిసీ, ఇది రాస్తూ రాస్తూ ఆపి, పాప పేరు మెల్లగా పిలిచాను. కాసేపు చూశాను. ఇంకొంచెం గట్టిగా పిలిచాను.