ఊపిరి లేని పిలుపు

ఖాజాగూడలో ఆ ఫోను మోగితే సగం ఊరు తలెత్తి చూసేది. చెరువు మలుపులో, పసుపు రంగు వేసిన రేకుల గదిలో సీతాబాయి నడిపే ఎస్టీడీ బూతు ఫోను అది. ఊళ్లో చాలా ఇళ్లకు అదే నంబరు. మస్కట్ నుంచి మొగుడు చేసినా, మూసాపేట నుంచి వియ్యంకుడు చేసినా మాట ముందు ఆమె చెవిలోనే పడాలి. ఎవరు కావాలో కనుక్కుని, రిసీవరును బల్ల మీద పక్కకు పడుకోబెట్టి, గడప మీద నిలబడి ఆమె కేక వేసేది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడింది. ఆ కాలును చూసే సర్కారువాళ్లు బూతు ఇచ్చారు. కాలు పోలేని చోటికల్లా ఆమె గొంతు పోయేది.

పని ఎవరూ నేర్పలేదు, తనే చెవితో నేర్చుకుంది. పొద్దున తాళం తీయగానే రిసీవరును తడిబట్టతో తుడిచి, చెవికి పెట్టుకుని, లైను మోతను కాసేపు వినేది. వాన పడిన మర్నాడు అందులో పెనం మీద నీళ్లు చిలకరించినట్టు చిటపటలు ఉంటే, జనం రాకముందే లైన్‌మన్‌కు కబురు పంపేది. కరెంటు పోతే బల్బు, మీటరు ఆరిపోయేవి గానీ ఫోను ఆగేది కాదు. దానికి కావలసిన కరెంటు ఎక్స్ఛేంజీ నుంచి తీగలోనే వస్తుందని లైన్‌మన్ చెప్పాడు. ఎంత దూరం నుంచి వచ్చే ఫోనో మోతను బట్టి చెప్పేది. గల్ఫ్ ఫోనయితే మాట కంటే ముందు ఇసుక జల్లెడ పట్టినట్టు సన్నటి చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు వినగానే ఆమె కళ్లు మెరిసేవి. తమ్ముడు యాదయ్య మస్కట్‌లో ఉన్నాడు. అమ్మ పోయాక తనే పెంచి పెద్ద చేసిన తమ్ముడు.

మాదాపూర్‌లో కొత్త టవర్లు లేచిన మరుసటి ఏడు, వాటికి రోడ్ల కోసం ఖాజాగూడ గుట్టలను పేలుస్తున్నారు. మధ్యాహ్నం ఈల వేసి ఎర్రజెండా ఎత్తగానే జనం ఇళ్లలోకి పోయేవాళ్లు. కుక్కలు కూడా గోడల కింద చేరేవి. పేలుడు అయ్యాక దుమ్ము నెమ్మదిగా దిగుతున్నంతసేపు ఊళ్లో ఎవరూ మాట్లాడేవారు కాదు.

అలాంటి ఒక మధ్యాహ్నం ఫోను మోగింది.

సీతాబాయి ఎత్తి "హలో" అంది. జల్లెడ చప్పుడు లేదు. లైను మోత లేదు. చెవిని గోడకు ఆనించినట్టుగా ఉంది. తీగ తెగిందనుకుని పెట్టేయబోతుండగా లోపలి నుంచి గొంతు వచ్చింది.

"సీతక్కా."

గొంతు యాదయ్యదే. కానీ దానికి ముందూ వెనకా ఏమీ లేదు. మనిషి మాట్లాడబోయేముందు పీల్చే గాలి లేదు, మాట అయ్యాక వదిలే గాలి లేదు. కత్తిరించి తెచ్చిన మాటలా వచ్చి పడింది. సీతాబాయి నోరు తెరవలేదు. పేరు పెట్టి పిలిస్తే మూడో పిలుపుకే పలకాలని అమ్మ అక్కాతమ్ముళ్లిద్దరికీ ఉగ్గుపాలతో నేర్పింది. సొంతవాళ్ల గొంతుతో గుమ్మం బయట నిలబడి పిలిచేది రెండుసార్లే పిలుస్తుంది. తొందరపడి పలికినవాళ్లను తీసుకుపోతుంది. ఇంట్లో మనిషి అయితే ఎన్నిసార్లయినా పిలుస్తాడు.

"సీతక్కా" అని మరోసారి వచ్చింది. ఆమె ఎదురుచూసింది. మూడోది రాలేదు. కుయ్యి కుయ్యిమంటూ లైను కట్టయింది.

ఆ ముందు వారమే తెల్లాపూర్ వాడొకడు మస్కట్ నుంచి సెలవు మీద వచ్చి, యాదయ్య కంపెనీలో స్లాబు కూలిందని, మనవైపు వాళ్లు కొందరు పోయారని, పేర్లు తెలియవని చెప్పి వెళ్లాడు. కంపెనీ నంబరుకు ఎన్నిసార్లు చేసినా మోగడమే తప్ప ఎత్తేవాళ్లు లేరు. యాదయ్య పెళ్లాం భూలక్ష్మి చంటిబిడ్డను ఒళ్లో వేసుకుని బూతు అరుగు మీదే పొద్దంతా కూర్చుంటోంది.

పెద్దనాయన ఎల్లేశం అంతా విని, చేతిలోని బీడీని చూస్తూ అడిగాడు.

"మూడోసారి పిలిచిందా?"

"పిలువలే."

"మన పోరడు గిట్ల రెండుసార్లు పిలిచి ఊకుంటడా? మూడిళ్ల అవతలికి ఇనవడేటట్టు ఒర్రుతడు."

"లైను ఖరాబుండొచ్చు పెద్దనాయనా."

"లైను సంగతి నీకు చెప్పాల్నా బిడ్డా? నువ్వే చెప్పు. ఖరాబైన లైను ఎట్లుంటది?"

సీతాబాయికి తెలుసు. పాడైన లైను చిటపటలాడుతుంది, గుయ్యిమంటుంది, పక్కవాళ్ల మాటలు తెచ్చి కలుపుతుంది. ఇంత శుభ్రంగా ఉండదు.

రెండు రోజుల తర్వాత ఫోను మళ్లీ అలాగే వచ్చింది. రెండు పిలుపులు, నడుమ ఆ గోడ, ఆపైన ఏమీ లేదు. ఎల్లేశం ఇక ఆగలేదు. దిక్కులేక తిరిగే ప్రాణానికి అన్నం పెట్టకపోతే అది చంటిబిడ్డ దగ్గరికి వస్తుందన్నాడు. ఆదివారం పిట్టకు పెడదామన్నాడు, అంటే పోయినవాళ్లను పేరు పెట్టి పిలిచి కాకికి అన్నం పెట్టడం. పిట్టకు పెట్టే రోజే భూలక్ష్మి గాజులు తీయాలి, బొట్టు చెరపాలి. ఒకసారి అది జరిగాక మనిషి తిరిగొచ్చినా ఈ ఊరికి చచ్చినవాడే. భూలక్ష్మి రెండు చేతులూ కొంగులోకి లాక్కుంది.

శనివారం సాయంత్రం గిరీష్ వచ్చాడు. ధర్మవరం పిల్లవాడు, కొత్త టవర్లలో ఉద్యోగం, ఖాజాగూడలో కిరాయికి గది. శనివారం శనివారం వాళ్లమ్మ అనసూయమ్మకు ఫోను చేస్తాడు. సీతాబాయి మొహం చూసి ఆ రోజు క్యాబిన్‌లోకి పోలేదు.

"ఏమక్కా, అట్లున్నావు?"

ఆమె చెప్పింది. గిరీష్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"చప్పుడు అసలే లేదా? గుయ్యి అని కూడా లేదా?"

"బాయిల చెవి పెట్టినట్టుండె. బాయిలనన్న గాలి తిరుగుతది."

"అది నెట్టు ఫోను మాదిరి ఉందే అక్కా. కంప్యూటర్లోంచి చేస్తారు. మా ఆఫీసులో చూసినా. మన ఫోనులో ఈ కొస నుంచి ఆ కొసకు దారి తెరిచే ఉంటాది, మాట్లాడినా మాట్లాడకపోయినా. అందుకే నీకు ఆ మోత. నెట్టు ఫోనులో అట్ల దారి ఉండదు. మాటను ముక్కలు చేసి పొట్లాలు కట్టి పంపిస్తాది. నువ్వు నోరు మూసుకుంటే పొట్లమే పంపదు."

"అంటే ఊపిరి రాదా?"

"దానికి ఊపిరి మాట కింద లెక్క కాదు."

సీతాబాయి బల్ల అంచును గోటితో గీసింది. "మల్ల ఎందుకు పలుకక కట్ చేస్తుండు?"

"నువ్వు పలికినావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"పొట్లాలు వచ్చేసరికి ఆలస్యమైతాది. ఒకో ముక్క దారిలోనే పోతాది. ఆడ నుంచి మూడుసార్లు పిలిచినా ఈడికి రెండే రావచ్చు అక్కా." అని గిరీష్ లేచాడు. "కానీ అది మీ తమ్ముడేనని నేను చెప్పలేను. గొంతు ఎట్లా వచ్చిందో చెప్పగలను, అంతే."

ఆదివారం పొద్దున ఎల్లేశం ఇంట్లో అన్నం, కూర, గారెలు వండారు. గుట్ట అడుగున బండ మీద నీళ్లు చల్లారు. ఆడవాళ్లు భూలక్ష్మిని పీట మీద కూర్చోబెట్టడానికి వచ్చారు. ఆమె బూతు అరుగు వదలక, సీతాబాయి వైపు తిరిగింది.

"ఫోనొస్తే నేను పలుకుత వదినె. ఒక్క పిలుపుకే పలుకుత. తీస్కపోతే పోనీ."

"పిచ్చి మాటలు మాట్లాడకు. ఒళ్లె పిల్ల ఉన్నది."

"అయితే మీరు పలుకుండ్రి."

అంటూనే ఆమె మొహం పాలిపోయింది. ఆడబిడ్డను ఏం అడిగిందో అప్పుడు తెలిసింది. సీతాబాయి ఆమె తల మీద చెయ్యి వేసి లోపలికి పోయి, కుర్చీలో కూర్చుంది. బయట ఆడవాళ్లు గొణుగుతున్నారు. ఎల్లేశం దగ్గాడు. ఎండ రేకుల మీద పడి గది వేడెక్కింది.

ఫోను మోగింది. గొణుగుడు ఆగిపోయింది.

ఆమె ఎత్తింది. హలో అనలేదు. అదే గోడ. చెవి లోపల తన రక్తం కొట్టుకోవడం ఆమెకే వినిపించింది.

"సీతక్కా."

"ఓ" అంది సీతాబాయి.

ఏమీ రాలేదు. పలికిన మాట ఎక్కడికి పోయిందో తెలియలేదు. అరచేయి చెమటకు రిసీవరు జారుతుంటే రెండు చేతులతో పట్టుకుంది. ఒళ్లు చల్లబడింది. తీసుకుపోవడమంటే ఇదే కావచ్చు, నొప్పి ఉండదేమో అనుకుంది. గడప దగ్గర నిలబడిన భూలక్ష్మి మొహం తప్ప ఆమెకు ఇంకేమీ కనిపించలేదు.

"అక్కా... నువ్వేనా? నిజంగ నువ్వేనా?"

"నేనేరా. నువ్వు ఉన్నవా?"

మళ్లీ ఆ గోడ. తర్వాత రెండు మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"ఉన్న, ఉన్న. మొన్న నువ్వెందుకు పలుకలే? నేను పిలిస్తే నా పిలుపే తిరిగి నాకు వచ్చింది అక్కా. నా గొంతే, జర ఆగి, రెండుసార్లు సీతక్కా అన్నది. నీకేమన్న అయిందేమో, ఇంకేదో నాతోని మాట్లాడుతుందేమోనని బుగులైంది. అది మూడోసారి పిలుస్తదేమో అని సూసిన. పిలువలే. పెట్టేసిన."

సీతాబాయికి నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. రెండు కొసల్లో ఇద్దరు, ఒకే తల్లి నేర్పిన భయంతో, నోరు మూసుకుని ఎదుటివాడి మూడో పిలుపు కోసం కూర్చున్నారు.

"ఊకోకురా. మాట్లాడుతనే ఉండు. నువ్వు ఊకుంటే ఇక్కడ ఏం లేదు."

యాదయ్య మాట్లాడాడు. స్లాబు కూలింది నిజమే. పోలీసులు క్యాంపుకు తాళం వేశారు, ఎవర్నీ బయటికి పోనివ్వడం లేదు. స్టోరు గదిలో కంప్యూటరు ఉంది. స్టోర్‌కీపరు సురేంద్ర, కడప దిక్కు మనిషి, దాంట్లోంచి ఫోను చేయడం యాదయ్యకు నేర్పాడు.

"ఆయన పక్కన ఉన్నడా? దండం పెట్టిన అని చెప్పు."

ఈసారి నిశ్శబ్దం పొడుగైంది. పొట్లం దారిలో పోయిందనుకుంది.

"ఆయన స్లాబు కిందనే పోయిండు అక్కా. ఆయన పేరు మీదనే నేను ఈ ఫోను చేస్తున్న. తెరువంగనే తెర మీద ఆయన పేరు పెట్టి ఇప్పటికీ ఆ కంప్యూటరు నమస్కారం చెప్తది. రోజూ పలుకుతనే ఉన్న, నేను సురేంద్రనని."

సీతాబాయి రిసీవరును భూలక్ష్మి చేతికిచ్చి బయటికొచ్చింది. ఎల్లేశం ఒక అడుగు వెనక్కి వేసి, ఆమె కాళ్ల దగ్గర నీడ పడుతోందో లేదో చూశాడు.

"బతికే ఉన్నడు పెద్దనాయనా. గాజుల జోలికి ఎవ్వరు పోవద్దు."

లోపల భూలక్ష్మి ఏడుస్తోంది, నడుమ నడుమ "ఇనవడుతుందా" అంటోంది. ఎల్లేశం చాలాసేపు విన్నాడు. తర్వాత పిట్టకు తెచ్చిన అన్నం గంప వైపు చూశాడు.

"పోయినోళ్ల కోసం వండిన అన్నం మల్ల ఇంట్లకు తేవద్దు బిడ్డా."

"తెయ్యం. తీస్కరా."

ఆమె కర్ర పట్టుకుని బండ దాకా నడిచింది. ఎల్లేశం ఆకు పరిచి వడ్డించాడు. ఎవరి పేరు చెప్పాలో తెలియక ఆమె మొహంలోకి చూశాడు. ఇంటిపేరు తెలియదు, గోత్రం తెలియదు, తల్లి ఉందో లేదో తెలియదు. ఊరంతా వినేలా కేక వేసే గొంతును సీతాబాయి బాగా తగ్గించింది.

"సురేంద్రా."

గుట్ట మీద కాకి లేదు. రాళ్ల మీద ఎండ కదలకుండా ఉంది. ఆమె మరోసారి పిలిచింది. ఆకు మీద నల్లటి నీడ దిగింది. ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చూడలేదు.