కర్టెన్ వెనక దుబాసీ

మీలో ముంబై కామాటిపుర వాళ్లెవరూ లేరు కదా? ఉంటే చెవులు మూసుకోండి. మొన్న నా నోరు నన్ను ఎక్కడ కూర్చోబెట్టిందో చెప్తాను. మీకు నవ్వొస్తుందేమో కానీ, నాకు మాత్రం ఇంకా తలెత్తబుద్ధి కావట్లేదు.

మా అత్తమ్మకు కొన్ని నెలలుగా మూత్రం ఆగట్లేదు. దగ్గినా తుమ్మినా బట్టలు తడుస్తున్నాయి. మనిషి నోరు విప్పి చెప్పలేదు. తెల్లారకముందే లేచి చీర ఉతుక్కుంటుంటే నేనే కనిపెట్టాను. వరస గదుల చాల్‌లో మాకుండేది ఒక్క ఖోలీ, ఆ ఒక్క గదిలో దాచడానికి చోటెక్కడ? దవాఖానకు పోదామంటే ఒకటే షరతు పెట్టింది.

"ఈ సంగతి మన గల్లీల ఒక్కలకు తెలిసినా నేను మల్ల బయట మొకం చూపియ్య."

ఆ పూచీ నాదన్నాను. పక్క ఖోలీ యాదమ్మత్తకు కళ్లజోడు కోసం వెళ్తున్నామని అబద్ధం చెప్పాను. దగ్గరి దవాఖానలో అందరూ మనవాళ్లే కనిపిస్తారని గ్రాంట్ రోడ్‌లో లోకల్ రైలు ఎక్కించి, ఎక్కడో దూరంగా ఉన్న సర్కారు దవాఖానకు తీసుకెళ్లాను. ఇంత ప్లానింగ్ నా పెళ్లికి కూడా జరగలేదు.

ఓపీడీలో డాక్టరమ్మ అత్తమ్మను కర్టెన్ వెనక బల్ల మీద పడుకోబెట్టింది. నేనూ వెనకే దూరాను. అత్తమ్మ ఏళ్ల తరబడి ఫాక్‌లాండ్ రోడ్డు మీద కూరగాయలు అమ్మిన మనిషి, మరాఠీ గడగడా మాట్లాడుతుంది. కానీ బజారు మరాఠీ వేరు, డాక్టర్ల మరాఠీ వేరు కదా అని నా తెలివి. డాక్టరమ్మ మెల్లగా ఏదో అడగడం, నేను దాన్ని తెలుగులో చెప్పడం. అత్తమ్మ పలకదు. కొంగు మొహం మీదికి లాక్కుని గోడ వైపు తిరిగింది. వినబడలేదనుకుని నేను గొంతు పెంచాను. తెలుగే కదా, ఇక్కడ ఎవరికి అర్థమవుతుందని ధైర్యం.

"అత్తమ్మా, నవ్వితే గూడ కారుతదా అని అడుగుతున్నరు! గుడ్డ పెట్టుకుంటున్నవా? రోజుకెన్ని మారుస్తున్నవ్?"

డాక్టరమ్మ నాకు చేత్తో సైగ చేసింది. తొందరగా కానివ్వమంటోందనుకున్నాను. అప్పుడు అత్తమ్మ కొంగు తీసింది. నా వైపు చూడనైనా చూడకుండా డాక్టరమ్మతో మెల్లగా మరాఠీలో, ముందు దీన్ని బయటికి పంపండి, నా సంగతి నేనే చెప్పుకుంటాను అంది. డాక్టరమ్మ కర్టెన్ అంచు ఎత్తి నాకు దారి చూపించింది.

బయట బెంచీ. బెంచీ మీద యాదమ్మత్త! ఆమె పక్కన మా గల్లీవాళ్లే ఇంకో ఇద్దరు. దాచుకోవాల్సిన జబ్బున్న వాళ్లందరూ నాలాగే ఆలోచించి దూరం దవాఖానకే వస్తారని నాకేం తెలుసు? జరిగి నాకు చోటిచ్చారు. లోపల నేను అరిచిందంతా విన్నవాళ్లే. అత్తమ్మ నన్ను అడిగింది ఒక్కటే, ఆ ఒక్కటీ నిలబెట్టలేకపోయాను. బల్ల మీద పడుకున్నది నేనైతే ఎవరైనా అలా అరిస్తే ఊరుకునేదాన్నా? సిగ్గుతో చచ్చిపోయాను. లోపల వాళ్లిద్దరూ చాలాసేపే మాట్లాడుకున్నారు. కర్టెన్ దాటి ఒక్క ముక్క బయటికి రాలేదు.

చివరికి అత్తమ్మ చీర సర్దుకుంటూ వచ్చింది. బెంచీ మీద వాళ్లను పోల్చుకుంది. తర్వాత నన్ను చూసింది. నేను నేలను చూశాను.

"మా కోడలికి సిగ్గెక్కువ యాదమ్మా" అంది నిమ్మళంగా. "తన బాధ నా పేరు పెట్టి అడిగింది. ఆఖరికి నేనే మాట్లాడి మందు రాయించుకొచ్చిన."

"నేను అనుకోనే అనుకున్న. నీ గొంతు ఒక్కపారి గూడ ఇనవడలె" అని యాదమ్మత్త నా వీపు నిమిరింది. "ఇంత చిన్న వయసుల గీ తిప్పలేంది బిడ్డా? ఎప్పటిసంది?"

ముగ్గురూ నా వైపు తిరిగారు. అత్తమ్మ కూడా నా జవాబు కోసం చూస్తూ నిలబడింది.

"రెండో కాన్పు అయినప్పటిసంది" అన్నాను. ఆ రోజు మొత్తం మీద నేను గొంతు తగ్గించి చెప్పిన మాట అదొక్కటే.